సముద్రం దాటని బీరు

బీరు నిల్వ చేసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. 32 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచితే బీరు ఎంత పాతబడుతుందో, 22 డిగ్రీల దగ్గర 30 రోజులకు అంతే పాతబడుతుంది. అదే 3 డిగ్రీల చలిలో అయితే 300 రోజులు పడుతుంది. ఏ పరీక్షకైనా నిలిచే సూత్రం కాదిది, గోదాము లెక్క. దాన్ని తీసుకెళ్లి విశాఖపట్నం కంటెయినర్ టెర్మినల్ మీద పెట్టి చూడండి. మే నెలలో అక్కడ నీడపట్టునే 34, 35 డిగ్రీలుంటుంది. ఎండలో నిలబెట్టిన ఇనప పెట్టె లోపల సంగతి చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియాలో సీసాకెక్కిన డబుల్ ఐపీఏ, చల్లదనం లేని పెట్టెలో పసిఫిక్ దాటి, వారాల తర్వాత ఇక్కడ దిగిందనుకుందాం. అందులో ఆల్కహాలు ఉంటుంది, కొంత చేదు ఉంటుంది. జనం డబ్బు పెట్టి కొన్న ఆ వాసన మాత్రం ఉండదు.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, డబుల్ ఐపీఏ అందులోనే ఘాటైన రకం. ఇండియాకు ఓడల్లో వచ్చి ఆ పేరు తెచ్చుకున్న బీరు, ఇప్పుడు ఇండియా దాకా రాలేకపోతోంది. ఇంట్లో బీరు కాచుకునే ఔత్సాహికులు పేరున్న డబుల్ ఐపీఏలకు నకళ్లు తయారు చేయడానికి అంతగా తాపత్రయపడటానికి ఒక పెద్ద కారణం ఇదే. కొన్నది పాతది, చేసుకున్నది తాజాది. అయితే ఆ నకలు తీయడం ఎంత కష్టమో తెలియాలంటే ముందు బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ గురించి తెలియాలి.

అంతకంటే ముందు ఒక కథను సరిచేయాలి. లండన్‌లో బౌ బ్రూయరీ నడిపిన హాడ్జ్‌సన్, ఇండియాకు పోయే ఓడల్లో బీరు చెడిపోతోందని ఆలోచించి హాప్స్ దండిగా వేసి ఐపీఏను కనిపెట్టాడని చాలా పుస్తకాల్లో ఉంటుంది. కనిపెట్టిందేమీ లేదు. హాప్స్ ఎక్కువ వేసి ఏళ్ల తరబడి నిలవుంచే బీర్లు ఇంగ్లండులో అప్పటికే ఉన్నాయి. హాడ్జ్‌సన్ అదృష్టమల్లా ఆయన బ్రూయరీ ఈస్టిండియా కంపెనీ ఓడల రేవుకు దగ్గర కావడం, ఓడ కెప్టెన్లకు ఆయన అప్పుపెట్టడం. తర్వాత 1822 ప్రాంతంలో బర్టన్ పట్టణంలో ఆల్‌సాప్ అనే వ్యాపారి రంగంలోకి దిగాడు. బర్టన్ నీళ్లలో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, ఎక్కువ. ఆ నీళ్లతో కాచిన లేతరంగు బీరులో చేదు నాలుక మీద బరువుగా కూర్చోకుండా పదునుగా తగిలి పోయేది. లండన్ సరుకును బర్టన్ సరుకు వెనక్కి నెట్టేసింది.

ఆఫ్రికా చుట్టి వచ్చే ఆ ప్రయాణం నాలుగైదు నెలలు పట్టేది, భూమధ్యరేఖ రెండుసార్లు దాటాలి. మద్రాసు, కలకత్తాల సంగతి అలా ఉంచితే, విశాఖలో 1933లో ‘జలదుర్గ’ ఓడ హార్బరులోకి వచ్చేదాకా పెద్ద ఓడ ఒడ్డుకు ఆనుకునే వీల్లేదు. దూరంగా లంగరు వేస్తే మసూలా పడవలు కెరటాల మీదుగా సరుకు దించేవి. కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి, మేకులుండవు. అందుకే అల కొట్టినప్పుడు పగలకుండా వంగేవి. వాల్తేరు దొరలకు పీపా చేరాలన్నా ఆ కుదుపులన్నీ తినే చేరాలి. అయినా ఆ బీరు తట్టుకునేది. అది తట్టుకోవడానికీ, ఈనాటి డబుల్ ఐపీఏ తట్టుకోలేకపోవడానికీ కారణం ఒకే మొక్క.

హాప్స్ ఒక తీగ. ఆడ తీగకు కాసే పూలగుత్తులు కావాలి, మగ తీగ పనికిరాదు. ఎండిన గుత్తిని విప్పితే రేకుల మొదట్లో పసుప్పచ్చటి పొడి కనిపిస్తుంది. అరచేతుల మధ్య గట్టిగా నలిపితే పొడి కాస్తా జిగురవుతుంది, చేతులు పచ్చబడతాయి, మొదట కోసిన గడ్డి వాసన, వెంటనే నారింజ తొక్క, ఆ తర్వాత కొంచెం వెల్లుల్లి లాంటి ఘాటు వస్తాయి. ఆ పొడిలో రెండు రకాల సరుకుంది. ఒకటి చేదునిచ్చే బంక, రెండోది వాసననిచ్చే నూనె. వేసవిలో పొడుగాటి పగళ్లు, శీతకాలంలో గట్టి చలి ఉంటేనే ఈ తీగ సరిగ్గా పూస్తుంది. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండించారు. 17 డిగ్రీల అక్షాంశం మీదున్న విశాఖలో తీగ బతకొచ్చేమో గానీ గుత్తులు ఆశించకూడదు. దీని దగ్గరి చుట్టం గంజాయి. ఆ చుట్టానికి మాత్రం మన ఏజెన్సీ కొండల వాతావరణం బాగా సరిపడిందని పోలీసు వార్తలు చదివేవాళ్లందరికీ తెలుసు.

బంకలోని ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు, పచ్చిగా ఉన్నప్పుడు పెద్ద చేదూ ఉండదు. మరిగించాలి. గంటసేపు మరుగుతుంటే అణువులోని ఆరు మూలల వలయం అయిదు మూలలకు కుదించుకుంటుంది. అలా మారిన ఐసో ఆల్ఫా ఆమ్లాలే బీరు చేదు. వేసినదంతా మారదు, నాలుగో వంతో మూడో వంతో మారితే గొప్ప. ఈ చేదును ఐబీయూల్లో కొలుస్తారు. సాదా లాగర్ బీరు 15 దగ్గరుంటే డబుల్ ఐపీఏ 90 దాకా పోతుంది. కాగితం మీద లెక్కలు కట్టి 200 అని రాసుకునే ఔత్సాహికులున్నారు గానీ ప్రయోగశాలలో కొలిస్తే 100 దాటడం అరుదు. అంతకుమించి కరగదు.

ఓడ ప్రయాణంలో బీరును కాపాడింది ఈ చేదే. అదెలాగో కల్లుతో పోల్చి చూస్తే బాగా తెలుస్తుంది. తాటిచెట్టు నుంచి గానీ, పాడేరు, అరకు వైపు జీలుగు చెట్టు నుంచి గానీ కారే గీతనీరు తియ్యటి చక్కెర నీళ్లు. లొట్టిలో నిన్నటి మడ్డి ఉంటుంది, దాన్నిండా ఈస్టూ బ్యాక్టీరియా ఉంటాయి. తెల్లవారి దించినప్పుడు తీపి, పొద్దెక్కితే ఘాటు, సాయంత్రానికి పులుపు. లొట్టికి సున్నం పూస్తే పులియదు, ఎందుకంటే ఆ క్షారంలో సూక్ష్మజీవులు పని చేయలేవు. తాటిబెల్లం వండేవాళ్లు చేసేది అదే. హాప్స్ దారి వేరు. ఐసో ఆల్ఫా ఆమ్లం లాక్టిక్ బ్యాక్టీరియా పొరలోంచి లోపలికి జొరబడుతూ తనతోపాటు హైడ్రోజన్ అయాన్‌ను మోసుకుపోతుంది. లోపలా బయటా ఉండే ఆమ్లత తేడా మీదే ఆ జీవి తిండి సంపాదన నడుస్తుంది. ఆ తేడా పోయాక ఆకలితో ఆగిపోతుంది. ఈస్టుకు ఈ బాధ దాదాపు లేదు, అందుకే బీరు పులుస్తుంది గానీ పులుపెక్కదు.

మరి కల్లులో హాప్స్ మరిగించిన నీళ్లు పోస్తే నిలవ ఉంటుందా? సగమే ఉంటుంది. కల్లును చివరికి పుల్లనీళ్లు చేసేది ఎసిటిక్ బ్యాక్టీరియా. వాటి గోడ నిర్మాణం వేరు, హాప్స్‌ను అవి లెక్కచేయవు. వాటికి కావాల్సింది గాలి. మూతిమీద గుడ్డ కట్టిన లొట్టిలో గాలికేం కొదవ? బిగించిన పీపాలో దొరకదు. కాబట్టి ఐపీఏను ఇండియా చేర్చింది హాప్స్ ఒక్కటే కాదు, పీపా కట్టినవాడి పనితనం కూడా.

ఇక నూనె సంగతి. అసలు కథ ఇక్కడుంది. మామిడికాయ కోసినప్పుడు వచ్చే పచ్చి వాసనలో మిర్సీన్ ఉంటుంది, హాప్స్ నూనెలో పెద్ద వాటా దానిదే. ధనియాలు వేయించేటప్పుడు ఇల్లంతా నిండేది లినలూల్, అదీ ఇందులో ఉంది. గులాబీలో ఉండే జెరానియోల్ కొంచెం ఉంది. ఈ జెరానియోల్‌ను ఈస్టు తనలోకి తీసుకుని నిమ్మ వాసనుండే సిట్రొనెల్లోల్‌గా మార్చి వదులుతుంది, అంటే గ్లాసులోని వాసన కొంత మొక్కది, కొంత ఈస్టుది. వీటన్నిటికంటే బలమైనవి గంధకం కలిసిన థయోల్స్. బాగా పండిన జామకాయను వాసన చూడగానే గుర్తుపట్టేస్తామే, అందులో ఒక థయోల్ ప్రమేయం ఉంది. సిమ్‌కో వంటి అమెరికన్ హాప్స్‌లో ఉండే మరో థయోల్ లీటరుకు గ్రాములో వందకోట్లో వంతు మోతాదు కొద్దిగా ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. మోతాదు కాస్త ఎక్కువైతే పిల్లి మూత్రం కంపు అంటారు, అదీ నిజమే.

ఈ వాసనలన్నీ ఆవిరితో ఎగిరిపోయేవే. గంటసేపు మరిగిస్తే చేదు మిగిలి వాసన పోతుంది. అందుకని హాప్స్‌ను విడతలుగా వేస్తారు. మొదటి విడత చేదుకు, పొయ్యి ఆపాక ఇంకో విడత వాసనకు, బీరు పులిసి చల్లబడ్డాక పచ్చి హాప్స్ మరో విడత. ఈ చివరి దాన్ని డ్రై హాపింగ్ అంటారు. డబుల్ ఐపీఏ ప్రాణం అందులో ఉంది.

డబుల్ ఐపీఏను అమ్మకానికి మొదట కాచింది విన్నీ సిలుర్జో అని చాలామంది ఒప్పుకుంటారు. 1994లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో బ్లైండ్ పిగ్ అనే చిన్న బ్రూయరీ పెట్టినప్పుడు ఆయన దగ్గరున్నవి పాత సామాన్లు. వాటివల్ల ఏదైనా పాడు రుచి వస్తే కప్పిపుచ్చడానికి హాప్స్ రెట్టింపు చేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఒక శైలి పుట్టుకకు ఇంతకంటే నిజాయితీ గల కారణం నేను వినలేదు. తర్వాత ఆయన రష్యన్ రివర్ బ్రూయింగ్ తరఫున 2000లో, హేవర్డ్‌లో జరిగే డబుల్ ఐపీఏ ఉత్సవం కోసం, ‘ప్లినీ ది ఎల్డర్’ కాచాడు. హేవర్డ్ పక్కనే ఫ్రీమాంట్, తెలుగువాళ్లకు పరిచయం చేయక్కర్లేని ఊరు. ప్లినీ అంటే హాప్స్ తీగను తన ప్రకృతి గ్రంథంలో ప్రస్తావించాడని చెప్పే రోమన్ పండితుడు, క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు పోయాడు. అమెరికాలో ఇంటి బ్రూయర్ల పత్రిక ‘జైమర్జీ’ పాఠకులు 2009 నుంచి 2016 దాకా ఏటా ఈ బీరుకే మొదటి స్థానం ఇచ్చారు.

ఆ ఇంటి బ్రూయర్లకు సిలుర్జో తన రెసిపీ తానే ఇచ్చేశాడు. రహస్యం అనుకున్నది బయటపడ్డాక కూడా ఆయన అమ్మకాలు తగ్గలేదు. ఎందుకంటే కాగితం మీద ఉన్నదానికీ గ్లాసులో వచ్చేదానికీ మధ్య చాలా దూరం ఉంది.

కాగితం మీద ఉన్నదేమిటంటే, 20 లీటర్లకు సుమారు 6 కిలోల మాల్ట్. మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పొడికొట్టి పసిపిల్లలకు పెడతారే, అదే పని బార్లీతో చేస్తే వచ్చేది ఇది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా కోస్తాయి. రెండు ముఖ్యమైన ఎంజైముల్లో ఒకటి 63 డిగ్రీల దగ్గర, ఇంకోటి 70 దాటాక చురుగ్గా ఉంటాయి. 66 డిగ్రీల దగ్గర ఓ గంట పట్టి ఉంచితే ఈస్టు తినగలిగే చక్కెర ఎక్కువ వస్తుంది. దానికి మూడు నాలుగు వందల గ్రాముల డెక్స్‌ట్రోజ్ కూడా కలుపుతారు, మందుల షాపులో అమ్మే గ్లూకోజ్ అదే. ఆల్కహాలు పెంచడానికి బీరులో చక్కెర కలపడమేమిటని ముక్కు విరిచేవాళ్లున్నారు. ఇక్కడ అది మోసం కాదు. గ్లూకోజ్ మొత్తం ఆల్కహాలై పోతుంది, తీపి మిగలదు. 8 శాతం ఆల్కహాలు ఉన్న బీరు అంటుకునేలా కాకుండా పొడిగా ముగియాలంటే ఇదే దారి. లేకపోతే చేదూ తీపీ కలిసి కషాయంలా ఉంటుంది. హాప్స్ కొలంబస్, సెంటెనియల్, సిమ్‌కో, అన్నీ కలిపి 300 గ్రాములు దాటుతాయి. మామూలు లాగర్‌కు ఇందులో పదో వంతు చాలు.

ఈస్టు దగ్గర విశాఖ అడ్డుపడుతుంది. ఈ బీరుకు వాడే కాలిఫోర్నియా ఈస్టు 19, 20 డిగ్రీల దగ్గర శుభ్రంగా పని చేస్తుంది. వేడి పెరిగితే తొందరపడి ఫ్యూసెల్ ఆల్కహాళ్లు తయారు చేస్తుంది. వాటివల్ల బీరుకు ఘాటైన ద్రావకం లాంటి వాసన వస్తుంది. పైగా పులియడమే వేడి పుట్టించే పని. పులిసే చక్కెర కిలోకు సుమారు 587 కిలోజౌళ్ల వేడి బయటికి వస్తుంది. మన 20 లీటర్లలో రెండున్నర కిలోల దాకా చక్కెర పులుస్తుంది కాబట్టి, ఆ వేడి ఎటూ పోకపోతే ద్రవం 15 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. గది 32 డిగ్రీలుంటే, ఈస్టుకు దాదాపు చావే.

తడిగుడ్డ చుట్టి చల్లబరచవచ్చు కదా అని అనంతపురం వాళ్లు అడగొచ్చు. అక్కడ పొడి గాలి, నీళ్లు ఇట్టే ఆవిరై పాత్ర చల్లబడుతుంది. విశాఖలో మే నెల గాలి నిండా సముద్రమే. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నప్పుడు ఎంత తడిపినా 29 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఉక్కపోతలో చెమట ఆరకపోవడానికీ ఇదే కారణం. కాబట్టి థర్మోస్టాట్ బిగించిన ఫ్రిజ్ తప్ప వేరే దారి లేదు. పాతకాలపు ఇంగ్లీషు బ్రూయర్లు అక్టోబరు నుంచి మార్చి లోపలే కాచుకునేవారు, వాళ్లకు ఆ ఫ్రిజ్ ఆకాశం ఇచ్చేది.

రెండో అడ్డంకి ఆక్సిజన్. కాచి చల్లార్చిన తియ్యటి రసంలో ఈస్టు వేసే ముందు గాలి బాగా కలపాలి, ఎందుకంటే పిల్లకణాల పొరలకు కావాల్సిన స్టెరాల్స్ కట్టుకోవడానికి ఈస్టుకు ఆక్సిజన్ అవసరం. ఒకసారి పులియడం మొదలయ్యాక మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు. హాప్స్ నూనెలు, థయోల్స్ ఆక్సిజన్‌తో కలిసిపోయి వాసన చచ్చిపోతుంది, రంగు గోధుమకు తిరుగుతుంది, తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. మంచి బ్రూయరీలు సీసాలో లీటరుకు 100 మైక్రోగ్రాముల లోపే ఆక్సిజన్ ఉండాలని చూస్తాయి. ఒక్క మిల్లీలీటరు గాలిలోనే సుమారు 270 మైక్రోగ్రాములుంటుంది. అంటే మూత బిగించేటప్పుడు సీసా మెడలో చెంచాలో అయిదో వంతు గాలి మిగిలినా హద్దు ఎప్పుడో దాటేసినట్టే. ఇంట్లో గొట్టంతో సీసాలోకి గలగలా ఒంపేవాడి నకలు పదిరోజుల్లో ఎందుకు వాడిపోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ సీసాను ముందు కార్బన్ డయాక్సైడ్‌తో నింపి, దాన్ని అడుగు నుంచి నెట్టుకుంటూ బీరు ఎక్కేలా చేయడమే పద్ధతి.

ఇదే విశాఖలో ఉక్కు కర్మాగారం గాలిని మైనస్ 180 డిగ్రీలకు దిగువన చల్లబరిచి ఆక్సిజన్‌ను టన్నుల కొద్దీ వేరు చేస్తుంది. కన్వర్టర్‌లో ద్రవ ఇనుము మీద దాన్ని ఊది కార్బన్‌ను మండించడానికి టన్ను ఉక్కుకు సుమారు 50 ఘనపు మీటర్లు కావాలి. 2021 ఏప్రిల్‌లో దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయల్దేరింది ఇక్కడి నుంచే. ఆ ప్లాంటులో ఆక్సిజన్ స్వచ్ఛత చూసే ఇంజనీరుకూ, ఆక్సిజన్ చొరబడకుండా చూసే బ్రూయరుకూ కావాల్సింది ఒకే రకం జాగ్రత్త, దిశ మాత్రం తలకిందులు.

చట్టం గురించి రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, సొంత వాడకానికైనా. 1990ల సారా వ్యతిరేక ఉద్యమం, 1995 జనవరి నుంచి అమలైన సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు చూసిన రాష్ట్రంలో ఇది తేలిగ్గా మారే విషయం కాదు. సారా బట్టీ ప్రమాదం వేరు, బీరు పులియబెట్టడం వేరు, ఒకటి బట్టీ పట్టడం, రెండోది కేవలం పులియడం. చట్టానికి ఆ తేడా పట్టదు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకు ఫెడరల్ పన్ను, అనుమతి బెడద తప్పింది, పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. అందువల్ల విశాఖలో ఇంజనీరింగ్ చదివి ఫ్రీమాంట్‌లో స్థిరపడినవాడు గరాజులో ప్లినీ నకలు కాచుకోవచ్చు, సెలవులకు ఎంవీపీ కాలనీలో అమ్మగారింటికి వచ్చినప్పుడు అదే పని చేస్తే కేసు.

ఆ గరాజు బ్రూయర్ తన నకలు నిజంగా నకలే అని ఎలా తేల్చుకుంటాడు? స్నేహితులకు ఇచ్చి “ఎలా ఉంది?” అని అడిగితే తేలదు, ముఖం మీద బాగా లేదనేవాళ్లు తక్కువ. పద్ధతి ఉంది, త్రికోణ పరీక్ష అంటారు. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, రెంటిలో ఒకటే బీరు, మూడో దానిలో వేరేది. వేరైనది ఏదో చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. అందుకని 24 మందిని కూర్చోబెడితే కనీసం 13 మంది సరిగ్గా చెప్పాలి, అప్పుడే తేడా ఉందని గణాంకం ఒప్పుకుంటుంది. అంతకు తగ్గితే తేడా ఉందని నిరూపణ కాలేదని అర్థం, నకలు చేసినవాడికి అంతకంటే మంచి వార్త లేదు.

పరీక్షకు రెండు బీర్లూ ఒకే వయసువి కావాలి. రష్యన్ రివర్ బ్రూయరీ ఉన్న శాంటా రోజాకు కారులో వెళ్లి నాలుగు రోజుల కిందట సీసాకెక్కిన ప్లినీ తెచ్చుకోగలిగినవాడికి అది సాధ్యం. రష్యన్ రివర్ వాళ్లు తమ సీసా మీదే చల్లగా ఉంచండి, తాజాగా తాగండి, దాచుకోవద్దు అని రాస్తారు, అమెరికాలో కూడా కొద్ది రాష్ట్రాలకు మించి పంపరు. విశాఖలో లైసెన్సు ఉన్న బ్రూయరు ఎవరైనా ఎంత శ్రద్ధగా నకలు తీసినా, దాని పక్కన పెట్టడానికి దొరికే అసలు సీసా కంటెయినర్లో ఉడికి వచ్చినదే. 24 మందిలో 24 మందీ తేడా పట్టేస్తారు. ఓడిపోయింది నకలా, అసలా అన్నది ఆ పరీక్ష చెప్పదు.